మానవ శరీర పరిభాష: స్థితి, చలనం, ఎముక

శరీరంలో ఒక భాగం పైన ఉందా కింద ఉందా అన్నది మనిషి ఎలా ఉన్నాడన్నదాన్ని బట్టి మారిపోతుంది. నిలబడ్డవాడికి తల పైన ఉంటుంది, శీర్షాసనం వేసినవాడికి నేలమీద ఉంటుంది. ఈ చిక్కు లేకుండా శరీర నిర్మాణ శాస్త్రం ఒక నిలుపును ప్రమాణంగా పెట్టుకుంది. మనిషి నిటారుగా నిలబడి, ఎదుటికి చూస్తూ, పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు పక్కలకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పి ఉంచడమే ఆ ప్రామాణిక స్థితి. రోగి బల్లమీద బోర్లా పడుకున్నా, గర్భంలో శిశువు తలకిందులుగా ఉన్నా వర్ణన మాత్రం ఈ నిలుపులో ఉన్నట్టే సాగుతుంది. కుడి, ఎడమలు కూడా ఎప్పుడూ ఆ మనిషివే, చూసేవారివి కావు.

అరచేతులు ముందుకు తిప్పి నిలబడటం ఎవరికీ అలవాటైన తీరు కాదు. అయినా అలా ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ముంజేతిలోని రెండు ఎముకలు ఆ స్థితిలోనే పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. అరచెయ్యి వెనక్కి తిరిగితే ఒకటి రెండోదాని మీదుగా అడ్డంగా పడుతుంది, అప్పుడు ఏది లోపలిది, ఏది బయటిది అని చెప్పడం కష్టమవుతుంది. పడుకున్న భంగిమలకు వేరే పేర్లున్నాయి. వెల్లకిలా ఉంటే సుపైన్, బోర్లా ఉంటే ప్రోన్. కోవిడ్ రోజుల్లో ఆక్సిజన్ తగ్గినవారిని బోర్లా పడుకోబెట్టే ప్రోనింగ్ పద్ధతి వల్ల ఈ రెండో మాట ఇళ్లలోకీ వచ్చింది.

దిక్కులు, తలాలు

శరీరం ముందువైపును యాంటీరియర్ అనీ వెనకవైపును పోస్టీరియర్ అనీ అంటారు. తలవైపు ఉన్నది సుపీరియర్, పాదాలవైపు ఉన్నది ఇన్‌ఫీరియర్. శరీరాన్ని నిలువునా సరిసగం చేసే ఊహారేఖకు దగ్గరగా ఉన్నది మీడియల్, అంటే మధ్యస్థం. దూరంగా ఉన్నది లాటరల్, అంటే పార్శ్వం. ఇవేవీ ఒక భాగానికి శాశ్వతంగా అంటిపెట్టుకునే పేర్లు కావు, రెండు భాగాల మధ్య సంబంధాన్ని చెప్పేవి. కన్ను ముక్కుకు లాటరల్, అదే కన్ను చెవికి మీడియల్. ప్రామాణిక స్థితిలో చేతి బొటనవేలు బయటివైపుకు, కాలి బొటనవేలు లోపలివైపుకు ఉంటాయి. కొత్తగా చదివేవారు తరచూ తడబడేది ఇక్కడే.

కాళ్లూ చేతుల విషయంలో పైన, కింద అనే బదులు ప్రాక్సిమల్, డిస్టల్ అంటారు. మొండానికి దగ్గరి కొస ప్రాక్సిమల్, దూరపు కొస డిస్టల్. మోచెయ్యి భుజానికి డిస్టల్, మణికట్టుకు ప్రాక్సిమల్. చర్మానికి దగ్గరగా ఉన్నవి పైపొరలు, లోపలికి ఉన్నవి లోతు పొరలు. అరచేతి వైపును పామర్ అనీ అరికాలి వైపును ప్లాంటార్ అనీ వాటి అవతలి వైపులను డోర్సల్ అనీ అంటారు. నాలుగు కాళ్ల జంతువులో డోర్సల్ అంటే ఆకాశం వైపున్న వీపు. మనిషి లేచి నిలబడ్డాక ఆ వీపు వెనక్కి వెళ్లింది. పాదంలో మాత్రం మీగాలు పైకే ఉండిపోయింది. మెదడులోనూ ఈ మెలిక ఉంది. వెన్నుపాము నిలువుగా ఉండి, దానిపైన మెదడు ముందుకు వంగి ఉండటంతో పెద్ద మెదడులో డోర్సల్ అంటే పైవైపు అవుతుంది, వెన్నుపాములో వెనకవైపు అవుతుంది. ఒకే పక్కన ఉన్నవాటిని ఇప్సిలాటరల్ అనీ ఎదురు పక్కన ఉన్నవాటిని కాంట్రాలాటరల్ అనీ అంటారు. ఎడమ మెదడులో పక్షవాతపు దెబ్బ తగిలితే కుడి కాలూ చెయ్యీ పడిపోవడం రెండోదానికి ఉదాహరణ.

ఈ మాటల్లో పొరపాటు జరిగితే రోగి మీదకే వస్తుంది. పిరుదు మీద సూది వేసేటప్పుడు దాన్ని మనసులో నాలుగు భాగాలు చేసుకుని పైవైపు బయటి భాగాన్నే ఎంచుకుంటారు. తొడ వెనక నుంచి కాలిలోకి దిగే సయాటిక్ నరం కిందివైపు లోపలి భాగం గుండా పోతుంది కాబట్టి అటు సూది దిగితే పాదం వాలిపోయే ప్రమాదం ఉంది. వెన్నులో నీరు తీసే పరీక్షకు రెండు తుంటి ఎముకల శిఖరాలను కలుపుతూ గీత ఊహిస్తారు. ఆ గీత నాలుగో నడుము పూస మీదుగా వెళ్తుంది. పెద్దవారిలో వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది కనుక ఆ కింద సూది గుచ్చడం క్షేమం.

శరీరాన్ని కోసినట్టు ఊహించే తలాలు ప్రధానంగా మూడు. కుడి ఎడమలుగా చీల్చేది సాజిటల్, ముందు వెనకలుగా చీల్చేది కొరోనల్, పైకీ కిందకీ విడదీసే అడ్డకోత ట్రాన్స్‌వర్స్. సీటీ స్కాన్‌లో కనిపించే అడ్డకోత బొమ్మలను రోగి పాదాల వైపు నుంచి చూస్తున్నట్టుగా అమరుస్తారు. అందుకే బొమ్మలో ఎడమవైపున కనిపించే కాలేయం నిజానికి రోగికి కుడివైపునే ఉంటుంది.

కదలికలు

కీలు దగ్గర రెండు భాగాల మధ్య కోణాన్ని తగ్గించే కదలిక ఫ్లెక్షన్, తెలుగులో ముడవడం. పెంచేది ఎక్స్‌టెన్షన్, అంటే చాపడం. ఇవి చాలామటుకు సాజిటల్ తలంలో జరుగుతాయి. మోచెయ్యి ముడిస్తే ముంజేయి ముందుకు వస్తుంది, మోకాలు ముడిస్తే పిక్క వెనక్కి వెళ్తుంది. ఒకే పేరున్న కదలిక చేతిలో ఒకవైపుకు, కాలిలో దానికి ఎదురువైపుకు సాగడానికి మూలం పిండదశలో ఉంది. ఆరో వారం నుంచి ఎనిమిదో వారం లోపు చేతి మొగ్గ బయటివైపుకు, కాలి మొగ్గ లోపలివైపుకు మెలితిరుగుతాయి. దాంతో మోచెయ్యి వెనకవైపుకు, మోకాలు ముందువైపుకు వచ్చి నిలుస్తాయి. దండచేతి ముందుభాగపు కండరాలు చేతిని ముడుస్తుంటే, తొడ ముందుభాగపు కండరాలు కాలిని చాపడం ఈ మెలిక ఫలితమే.

చెయ్యినో కాలినో శరీర మధ్యరేఖ నుంచి పక్కకు ఎత్తడం అబ్డక్షన్, తిరిగి దగ్గరకు చేర్చడం అడక్షన్. వేళ్ల విషయంలో మధ్యరేఖ మారిపోతుంది. చేతిలో నడిమివేలు నుంచి, పాదంలో రెండో వేలు నుంచి దూరం లెక్కిస్తారు. చేతిని తలపైకి పూర్తిగా ఎత్తే 180 డిగ్రీల అబ్డక్షన్‌లో భుజం కీలు ఇచ్చేది సుమారు 120 డిగ్రీలే. మిగిలింది వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వస్తుంది. ఆ ఎముక కదలిక దెబ్బతింటే భుజం కీలు బాగున్నా చెయ్యి పైకి లేవదు.

ముంజేతిలో జరిగే రెండు కదలికలకు ప్రత్యేకమైన పేర్లున్నాయి. గుడిలో తీర్థం పుచ్చుకోవడానికి అరచెయ్యి పైకి తిప్పితే అది సుపినేషన్, టేబుల్ మీద అరచెయ్యి బోర్లించి పెడితే ప్రొనేషన్. ఇందులో చిటికెనవేలి వైపున్న అల్నా దాదాపు కదలకుండా ఉంటుంది, బొటనవేలి వైపున్న రేడియస్ దాని చుట్టూ తిరుగుతుంది. మోచెయ్యి ముడిచి ఉన్నప్పుడు దండచేతి బైసెప్స్ కండరం సుపినేషన్‌కు తోడవుతుంది కాబట్టి ప్రొనేషన్ కన్నా అదే బలమైనది. కుడిచేతివాటం వారు స్క్రూ బిగించేది ఈ బలంతోనే.

బొటనవేలు మిగతా వేళ్ల కొనలను తాకేలా ఎదురుగా రావడం అపోజిషన్. అన్నం ముద్ద కలిపి ఎత్తడం, సూదిలో దారం ఎక్కించడం దీనివల్లే సాధ్యం. చీలమండ దగ్గర పాదాన్ని పైకి లేపడం డోర్సిఫ్లెక్షన్, మునివేళ్ల మీద లేవడం ప్లాంటార్ ఫ్లెక్షన్. అరికాలిని లోపలికి తిప్పడం ఇన్వర్షన్, బయటికి తిప్పడం ఎవర్షన్. కాలు బెణకడమన్నది చాలాసార్లు హఠాత్తుగా జరిగిన ఇన్వర్షనే, అందుకే వాపు చీలమండ బయటివైపున వస్తుంది.

నిత్యజీవితంలో ఏ కదలికా ఒంటరిగా జరగదు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు తుంటి దగ్గర ముడుచుకోవడం, పక్కకు విచ్చుకోవడం, బయటికి మెలితిరగడం ఒకేసారి జరుగుతాయి, మోకాలు దాదాపు పూర్తిగా ముడుచుకుంటుంది. కూచిపూడిలో మోకాళ్లు పక్కలకు తెరిచి నిలిచే అర్ధమండలిలో బయటి మెలిక తుంటి నుంచే రావాలి. తుంటి సహకరించక మోకాలిని మెలితిప్పి ఆ భంగిమ తెస్తే నొప్పి మోకాలి లోపలి అంచున మొదలవుతుంది. తల విషయానికి వస్తే, పైకీ కిందకీ ఊపడం పుర్రెకూ మొదటి మెడపూసకూ మధ్య జరుగుతుంది. అడ్డంగా తిప్పడంలో ఎక్కువ భాగం మొదటి, రెండో పూసల మధ్య జరుగుతుంది. సరే అనడానికి తెలుగువారు తలను పక్కలకు వాల్చి ఊపే తీరు ఈ రెండింటిలో ఏదీ కాదు. అది లాటరల్ ఫ్లెక్షన్, దాన్ని మెడపూసలు అన్నీ కలిసి చేస్తాయి.

కీళ్లు

పుర్రె పలకల మధ్య ఉన్నట్టు నారపోగులతో అతుక్కున్నవి దాదాపు కదలని కీళ్లు. వెన్నుపూసల మధ్య డిస్కుల వంటివి మృదులాస్థితో కలిసి కొద్దిగా కదులుతాయి. స్వేచ్ఛగా కదిలేవాటిని సైనోవియల్ కీళ్లు అంటారు. వాటిలో ఎముక కొసలకు నున్నటి మృదులాస్థి పూత, చుట్టూ ఒక తిత్తి, లోపల కొద్దిగా జిగటద్రవం ఉంటాయి. బడి పుస్తకాల్లో కనిపించే బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు ఈ తరగతిలోవే. భుజం, తుంటి రెండూ బంతిగిన్నె కీళ్లే అయినా వాటి స్వభావం వేరు. తుంటిలో గిన్నె లోతైనది, బంతిని సగానికి పైగా పట్టి ఉంచుతుంది. భుజంలో గిన్నె లోతు తక్కువ, అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. పెద్ద కీళ్లలో తరచుగా తొలిగేది కూడా అదే, ఎక్కువసార్లు ముందువైపుకే తొలుగుతుంది.

ఎముకలు

ఎదిగిన మనిషిలో ఎముకలు 206. పుట్టినప్పుడు సుమారు 270 నుంచి 300 దాకా ఉండి, ఎదిగే కొద్దీ కొన్ని అతుక్కుంటాయి. నడుము పూసల కింద ఉండే త్రికం ఐదు పూసల కలయిక. తుంటి ఎముక మూడు ముక్కలుగా మొదలై కౌమారంలో ఒకటవుతుంది. 206లో 80 శరీరపు ఇరుసు వెంట ఉంటాయి. పుర్రెలో 22, చెవుల్లో 6, గొంతులో హయాయిడ్ 1, వెన్నెముకలో 26, పక్కటెముకలు 24, రొమ్ము ఎముక 1. మిగిలిన 126 కాళ్లు చేతులవీ, వాటిని మొండానికి కలిపే వలయాలవీ. ఒక్కో చేతిలో 27, ఒక్కో పాదంలో 26 ఎముకలున్నాయి. అంటే అస్థిపంజరంలో సగానికి పైగా ఎముకలు మణికట్లకూ చీలమండలకూ అవతలే ఉన్నాయి. అన్నిటికన్నా పొడవైన తొడ ఎముక మనిషి ఎత్తులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. అన్నిటికన్నా చిన్నది చెవిలోని స్టేపిస్, పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. ఇంకే ఎముకతోనూ కీలు లేని ఎముక హయాయిడ్ ఒక్కటే. నాలుక మూలంలో కండరాల మధ్య వేలాడే ఆ ఎముక విరిగి కనిపిస్తే శవపరీక్ష చేసేవారు గొంతు నులిమారేమోనని అనుమానిస్తారు.

ఆకారాన్ని బట్టి ఎముకలు పొడుగువి, పొట్టివి, బల్లపరుపువి, క్రమం లేనివి అని విభజిస్తారు. స్నాయువులో పుట్టే సెసమాయిడ్ ఎముకలు మరో రకం, మోకాలిచిప్ప వాటిలో పెద్దది. ఈ విభజన కొత్తదేమీ కాదు. సుశ్రుత సంహిత ఎముకలను కపాల, రుచక, తరుణ, వలయ, నలక అని ఐదు రకాలుగా చెప్పింది. కపాలాలు పలకలు, నలకాలు గొట్టాలు, వలయాలు పక్కటెముకల వంటి వంపు ఎముకలు, రుచకాలు దంతాలు, తరుణాలు ముక్కు చెవుల్లోని మృదులాస్థులు. సుశ్రుతుడి లెక్క 300, చరకుడి లెక్క 360. నేటి లెక్కతో తేడా రావడానికి దంతాలను, మృదులాస్థులను కలుపుకోవడం ఒక ముఖ్య కారణం. శవాన్ని పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి పొరపొరగా గీకి చూడాలని సుశ్రుత సంహిత చెప్పడాన్ని బట్టి ఆ లెక్క వెనక కంటి పరిశీలన కూడా ఉందని ఒప్పుకోవాలి.

పొడుగు ఎముక నడిమి కాడ డయాఫిసిస్, కొసలు ఎపిఫిసిస్‌లు. ఎదిగే వయసులో ఆ రెండింటి మధ్య మృదులాస్థితో చేసిన ఎదుగుదల పలక ఉంటుంది. ఎత్తు పెరగడం అక్కడే జరుగుతుంది. ఆ పలక ఎముకగా మారిపోయాక ఏ మందూ ఎత్తును పెంచలేదు, ప్రకటనలు ఏం చెప్పినా. ఏ పలక ఏ వయసులో మూసుకుంటుందో తెలుసు కాబట్టి మణికట్టు, మోచెయ్యి ఎక్స్‌రేలు చూసి వయసు అంచనా వేస్తారు, కోర్టులు కూడా ఆ అంచనాను పరిగణిస్తాయి. పిండంలో అన్నిటికన్నా ముందు ఎముకగా మారడం మొదలుపెట్టేది జత్రుక. మెడ కింద అడ్డంగా ఉండే ఆ ఎముక లోపలి కొస పూర్తిగా అతుక్కునేది మాత్రం ఇరవైలు సగం గడిచాకే.

ఎముకను కప్పి పెరియాస్టియమ్ అనే పొర ఉంటుంది. నరాలు దండిగా ఉన్న పొర అది, దెబ్బ తగిలినప్పుడు నొప్పి ఎక్కువగా దాన్నుంచే వస్తుంది. దాని కింద గట్టి ఎముక, లోపల మెత్తటి జాలి ఎముక, ఆ ఖాళీల్లో మూలుగ. పెద్దవారిలో రక్తకణాలు తయారుచేసే ఎర్ర మూలుగ పుర్రె, వెన్నుపూసలు, పక్కటెముకలు, రొమ్ము ఎముక, తుంటి ఎముకల్లోనూ తొడ, దండచేతి ఎముకల ప్రాక్సిమల్ కొసల్లోనూ మిగులుతుంది. మూలుగ పరీక్షకు తుంటి ఎముక శిఖరం వెనకభాగాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు, మిగతాది ప్రధానంగా కొల్లాజెన్ అనే నారప్రొటీన్. పలుచని ఆమ్లంలో నానబెడితే లవణాలు కరిగి ఎముక వంగేంత మెత్తనవుతుంది. కాలిస్తే కొల్లాజెన్ పోయి పెళుసెక్కి నలిగిపోతుంది.

ఎముక ఒకసారి కట్టి వదిలేసిన కట్టడం కాదు. ఆస్టియోక్లాస్ట్ కణాలు పాతదాన్ని తొలుస్తుంటే ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్తది పేరుస్తూనే ఉంటాయి. భారం పడే దిశను బట్టి లోపలి జాలి అల్లిక మారుతుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పాడు. భారం లేకపోతే ఏమవుతుందో వ్యోమగాముల్లో తేలింది. బరువు మోసే ఎముకల్లో నెలకు సుమారు 1 నుంచి 1.5 శాతం ఖనిజం తరిగిపోతుంది.

ఎముక మీది ప్రతి గుర్తుకూ పేరుంది. నరాలు, రక్తనాళాలు పోయే రంధ్రం ఫొరామెన్, పల్లం ఫోసా, కీలులో కూర్చునే గుండ్రటి ఉబ్బు కాండైల్, పొడుచుకొచ్చింది ప్రాసెస్, కండరం పట్టుకునే గరుకు ఉబ్బు ట్యూబరాసిటీ. తొడ ఎముకకు మాత్రమే ట్రోకాంటర్ అనే పెద్ద బుడిపెలు ఉంటాయి. వెన్నుపాము దిగే పుర్రె అడుగు రంధ్రం ఫొరామెన్ మాగ్నమ్. నాలుగు కాళ్ల జంతువుల్లో ఇది వెనకవైపుకు, మనిషిలో అడుగున ముందువైపుకు జరిగి ఉంటుంది. దక్షిణాఫ్రికాలోని టాంగ్ దగ్గర దొరికిన చిన్న పుర్రెలో ఆ రంధ్రం ముందుకు ఉండటాన్ని చూసే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు రేమండ్ డార్ట్ 1925లో ఆ ప్రాణి రెండు కాళ్ల మీద నడిచేదని ప్రకటించాడు.

పేర్లు కుదురుకున్న తీరు

ఐరోపాలో ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిన వర్ణన పదమూడు శతాబ్దాలకు పైగా చెల్లింది. అందులో చాలా భాగం కోతుల, ఇతర జంతువుల శరీరాలను కోసి చూసి రాసింది. 1543లో బాసెల్‌లో అచ్చయిన తన గ్రంథంలో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఆండ్రియాస్ వెసాలియస్ దాన్ని మానవ శవాలతో పోల్చి దిద్దాడు. కింది దవడ రెండు ఎముకలు కాదు ఒకటేననీ, రొమ్ము ఎముక ఏడు ముక్కలు కాదు మూడేననీ చూపించాడు. తర్వాత వైద్య కళాశాలలు పెరిగేకొద్దీ ఒక్కో దేశం, ఒక్కో గురువు పెట్టిన పేర్లు పేరుకుపోయాయి. 19వ శతాబ్దం ముగిసేనాటికి సుమారు 5,000 భాగాలకు 50,000 దాకా పేర్లు వాడుకలో ఉండేవి. 1895లో బాసెల్‌లోనే కూడిన శాస్త్రజ్ఞులు ఒక భాగానికి ఒకే లాటిన్ పేరు ఉండాలని జాబితా కట్టారు. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న అంతర్జాతీయ జాబితాకు పునాది 1998లో వెలువడిన టెర్మినోలోజియా అనటోమికా.

విరుగుళ్లు, వంకరలు

పేర్లన్నీ ఒక్క వాక్యంలో కలిసి పనిచేయడం విరిగిన ఎముకల వర్ణనలో కనిపిస్తుంది. జారి పడుతూ అరచెయ్యి ఆనించుకున్నవారిలో, ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలలో, రేడియస్ డిస్టల్ కొస విరిగి ఆ ముక్క డోర్సల్ వైపుకు జరుగుతుంది. డబ్లిన్ వైద్యుడు అబ్రహం కాలెస్ దీన్ని 1814లో వర్ణించాడు. ఎక్స్‌రే కనిపెట్టడానికి అప్పటికి ఇంకా 81 ఏళ్లుంది. పడేటప్పుడు చెయ్యి బోర్లా ఉన్నా ముక్క జరిగిన దిక్కును మాత్రం ప్రామాణిక స్థితిని బట్టే చెబుతారు.

కీలుకు అవతలి భాగం బయటివైపుకు వంగితే వాల్గస్, లోపలివైపుకు వంగితే వారస్. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ పాదాలు ఎడంగా పోయే వంకర జెను వాల్గమ్. మోకాళ్లు లోపలికి వచ్చినా పేరులో బయటి దిక్కు ఉండటానికి కారణం, లెక్క మోకాలి కింది భాగానిది కావడమే. తెలుగు నేలకు ఈ పేరు బాధాకరంగా పరిచయం. భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నల్లగొండ ప్రాంతపు యువకుల్లో ఈ వంకరను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో వైద్యలోకం దృష్టికి తెచ్చారు. అంతకు ముందే, 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్ నమోదైంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు.

ఈ జబ్బును ఊళ్లో తొలిగా పట్టడానికి మూడు కదలికలు చేయిస్తారు. మోకాళ్లు ముడవకుండా ముందుకు వంగి నేలమీది నాణెం తియ్యాలి, అది నడుము, తుంటి ఫ్లెక్షన్. గడ్డం రొమ్ముకు ఆనించాలి, అది మెడ ఫ్లెక్షన్. చేతులు పక్కలకు చాపి, మోచేతులు ముడిచి తల వెనక భాగాన్ని తాకాలి, అది భుజం అబ్డక్షన్, బయటి మెలికతో కలిసి. ఈ కదలికలు చేయలేనివారిని ఎక్స్‌రేకు పంపుతారు. జబ్బు ముదిరినవారి ఎక్స్‌రేలో వెన్నుపూసలను కట్టి ఉంచే లిగమెంట్లు సైతం ఎముకగా గట్టిపడి, వెన్ను అంతా ఒకే కడ్డీలా కనిపిస్తుంది.